ఒకే గడప – రెండు ఓట్లు

ఎన్నికలను గూర్చి గ్రంథములలో జదువుట యొకటి. ఇంటింటికి దిరిగి ప్రజల మాటలు విని తెలిసికొనుట వేఱొకటి. ఈ రెండవ విద్య నేర్పుటకై అమెరికాలోని కొన్ని కళాశాలలు, అధ్యక్షుని యెన్నిక సమీపించినపుడు, విద్యార్థులను న్యూ హాంప్‌షైరు రాష్ట్రమునకు గొనిపోవుచుండును. 2020వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున బోస్టను నగరమునుండి విద్యార్థినులము కొందఱ మట్టి యాత్రకు బోయితిమి. అచ్చట జూచినదానిలో మన సోదరీమణులకు బనికివచ్చు విషయ మొకటి కలదు గాన నిట విన్నవించుచున్నాము.

ఆ రాష్ట్రమునకే పోవుట యెందులకో ముందుగా జెప్పవలెను. అమెరికాలో ఒక పక్షము తరపున అధ్యక్షపదవికి నిలువదగినవా రెవరో పక్షపు పెద్దలు మాత్రమే నిర్ణయింపరు. ఒక రాష్ట్రము తరువాత నొక రాష్ట్రమున ప్రజలే ఓట్లు వేసి తేల్చెదరు. ఈ తొలి యెన్నికకు ప్రైమరీ యని పేరు. న్యూ హాంప్‌షైరు 1916లో ప్రైమరీ నారంభించినది. 1920 మొదలుకొని చిరకాలము దేశమున మొదటి ప్రైమరీ యచ్చటనే జరుగుచు వచ్చినది. 2024లో డెమోక్రాటిక్ పక్షము తన వరుసలో దక్షిణ కరోలినాకు ప్రథమస్థాన మిచ్చినను, ఈ రాష్ట్రమువారు వినక జనవరి 23వ తేదీననే తమ యెన్నిక జరిపికొనిరి. జనసంఖ్య సుమారు 14 లక్షలు మాత్రమే యగుటచే, అభ్యర్థులు ఊరూర దిరిగి, ఫలహారశాలలలోను గృహస్థుల యిండ్లలోను ప్రజల యెదుట నిలిచి ప్రశ్నలకు బదులు చెప్పుట యచ్చటి యాచారము.

మేము పోయినపుడు వీధుల ప్రక్కల మంచు పేరుకొని యుండెను. చేతులు కొంకరలు పోవు చలి. ప్రచార కార్యాలయమువారు మమ్ము వయసు మీఱిన యొక కార్యకర్త్రి వెంట బంపిరి. ఆమె చేతి పట్టీలో వీధుల క్రమమున ఇంటి సంఖ్యలును, ఓటర్ల పేర్లును గలవు. ఓటరు తమ యభ్యర్థిని గట్టిగా బలపఱచినచో 1, ఎటును దేల్చుకొననిచో 3, గట్టిగా వ్యతిరేకించినచో 5 అని పేరున కెదురుగా గుర్తు వేయవలెను. మాలో భారతపౌరులమైనవారికి అచ్చట ఓటు లేదు. ఆమె మాటలాడుచుండగా ప్రక్కన నిలిచి గమనించుటయే మా పని.

ఒక యింట తలుపు తీసిన పెద్దమనిషి, "మా యింటి సంగతి తేలిపోయినదండీ. మీ యభ్యర్థికే" యనెను. అంతటితో సంతోషించి మఱియొక యింటికి బోవుట సులభము. కాని పట్టీలో ఆ యింట రెండు పేర్లున్నవి. కార్యకర్త్రి వినయముతో, "మీ యభిప్రాయము వ్రాసికొంటిని. మీ భార్యగారి యభిప్రాయము వారి నోటనే వినవచ్చునా?" యని యడిగెను.

గృహిణి చేతులు తుడుచుకొనుచు వచ్చి, "నే నింకను నిశ్చయించుకొనలేదు" అనెను. భర్త విస్మయముతో నామెవంక జూచెను. ఆమె తల్లికి మధుమేహము. ఇన్సులిను వెల తగ్గించుటకు అభ్యర్థి యేమి చేయదలచెనో, దానికి ధన మెచ్చటనుండి వచ్చునో చెప్పుమని యామె యడిగెను. కార్యకర్త్రి తెలిసినంత చెప్పి, "మిగిలినది నాకు దెలియదు, కనుగొని సాయంకాలము టెలిఫోనులో జెప్పెదను" అనెను, అట్లే చెప్పెను. పట్టీలో భర్త పేరున కెదురుగా 1, భార్య పేరున కెదురుగా 3 పడినవి. దారిలో మేము ప్రశ్నింపగా నామె, "అమ్మాయిలారా, నేను లెక్కపెట్టునది ఇండ్లను గాదు, మనుష్యులను" అని చెప్పెను.

ఫిబ్రవరి 11వ తేదీన ఆ పక్షపు ప్రైమరీలో దాదాపు 3 లక్షల ఓట్లు పడినవి. బెర్నీ శాండర్సు పీటు బుటిజెజ్ మీద 4,000కు లోపు ఓట్లతో నెగ్గెను. పోటీలో నున్న స్త్రీలలో ఏమీ క్లోబుషారు మూడవస్థానము పొందెను. ఇంత స్వల్పభేదమున్నచోట '3' అని గుర్తు పడిన గృహిణుల నిర్ణయము ఎంత విలువైనదో వేఱుగ జెప్ప నక్కఱలేదు.

మన దేశమున 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక యెన్నికలకు జాబితాలు సిద్ధపఱచునపుడు, ముఖ్యముగా ఉత్తరదేశమున, పలువురు స్త్రీలు తమ పేరు చెప్పక "ఫలానివారి భార్య", "ఫలానివారి తల్లి" యని వ్రాయించుకొనిరి. స్వంత నామము లేనిదే చేర్చరాదని యెన్నికల సంఘము నిశ్చయించుటచే సుమారు 28 లక్షల స్త్రీల పేర్లు జాబితాలనుండి తొలగిపోయినవి. నేడు మన పేర్లు జాబితాలలో నున్నవి. అయినను మన యూళ్ళలో ప్రచారకులు గడపకు బొట్టు పెట్టినంత మర్యాదగా మనకును బొట్టు పెట్టి, "మీ యింట నెన్ని ఓట్లు?" అని యజమానినే యడిగి పోవుట యింకను గలదు.

సోదరులారా, అట్లడిగినపుడు మీ యోటును మీ లెక్కలో గలిపి చెప్పుడు. ఇల్లాలి యోటును గూర్చి యామెనే యడుగనిండు. సోదరీమణులారా, వారు వచ్చినపుడు "అయ్యగారు ఇంట లేరు" అని పంపివేయకుడు. మంచినీళ్ళు రాని కొళాయిని గూర్చియో, ఆసుపత్రిలో దొరకని మందును గూర్చియో, బడిలో లేని పంతులును గూర్చియో ఒక ప్రశ్న యడుగుడు. బదులు తెలియనిచో కనుగొని రమ్మనుడు. తిరిగి వచ్చి చెప్పినవా రెవరో, రానివా రెవరో గుర్తుంచుకొనుడు. పట్టీలు వారి చేతనే కాదు, మన చేతను ఉండవలెను.