కత్తి పట్టేముందు కళ్లజోడు

మచిలీపట్నం ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో 150 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది. ఆ తొలి బ్యాచ్ 2028 ప్రాంతంలో హౌస్‌సర్జన్లుగా వార్డుల్లోకి వస్తుంది. వీళ్లలో సర్జన్లయ్యేవాళ్లు తమ తొలి తప్పులు ఎక్కడ చెయ్యాలి? నాగాయలంక నుంచి బస్సెక్కి వచ్చిన రోగి పొట్ట మీదనా, కంప్యూటర్ చూపించే పొట్ట మీదనా? చవక వీఆర్ (వర్చువల్ రియాలిటీ) కళ్లజోడు గురించి ఆలోచన ఇక్కడ మొదలవ్వాలి, ధర దగ్గర కాదు.

లాపరోస్కోపీలో, అంటే కెమెరా దృశ్యాన్ని తెరమీద చూస్తూ చేసే ఆపరేషన్‌లో, పరికరం చిన్న రంధ్రం గుండా లోపలికి వెళ్తుంది కాబట్టి చెయ్యి కుడికి జరిగితే మొన ఎడమకు జరుగుతుంది. పైగా తెరమీద లోతు సరిగా తెలియదు. ఈ తికమక పోవాలంటే మళ్లీమళ్లీ చెయ్యాల్సిందే. 2002లో యేల్ విశ్వవిద్యాలయంలో 16 మంది సర్జరీ రెసిడెంట్లను రెండు జట్లు చేసి చూశారు. వీఆర్‌లో సాధన చేసినవాళ్లు నిజమైన ఆపరేషన్‌లో పిత్తాశయాన్ని 29 శాతం త్వరగా వేరుచేశారు. సాధన లేనివాళ్లు దానికి గాయం చెయ్యడమో, పక్క కణజాలాన్ని కాల్చడమో ఐదు రెట్లు ఎక్కువ. వేగం సరే, నా దృష్టిలో అసలు కీలకం వేరే ఉంది: వీఆర్ జట్టుచేత గంటల లెక్కన సాధన చేయించలేదు, అనుభవజ్ఞుల స్థాయి అందుకునేదాకా చేయించారు. అప్పటి యంత్రాలు ఖరీదైనవి. ఇప్పుడు ఆటల కోసం తయారైన హెడ్‌సెట్ కొన్ని పదివేల రూపాయలకే వస్తోంది. జాంబియాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఆపరేషన్ నేర్పడానికి అలాంటిదే వాడి చూశారు. సాధనతో నైపుణ్యం పెరిగింది కానీ, ఆ కొలత తీసుకున్నది వీఆర్‌లోనే. యేల్ ఫలితంతో దీన్ని ఒకే గాటన కట్టలేం.

వీఆర్‌లో చేతికి స్పర్శ తెలియదు కదా అంటారు. నిజమే, కుట్టు ఎంత బిగించాలో కళ్లజోడు నేర్పలేదు. దానికి అట్టపెట్టె, లోపల సెల్‌ఫోన్ కెమెరా, అసలు సూదీ దారం చాలు. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు, ఎక్కడ ఆగాలి అన్నవి వీఆర్ పని. ఇక్కడ రోగులకు కొదవా అని ఇంకో మాట. రోగులున్నారు, కానీ నెత్తురు ఆగని క్లిష్టమైన కేసు విద్యార్థి డ్యూటీ చూసుకుని రాదు. తెరమీద దాన్ని రోజూ రప్పించుకోవచ్చు. కొన్న హెడ్‌సెట్ బీరువాలో పడి దుమ్ము పట్టిపోతుందన్న భయం మాత్రం కొట్టిపారేసేది కాదు. పరికరం చవకైనా, పక్కన నిలబడి తప్పు పట్టే గురువు సమయం చవక కాదు. హెడ్‌సెట్ అయితే సంచిలో పట్టే సరుకు కాబట్టి గుడివాడకో అవనిగడ్డకో తీసుకెళ్లి అక్కడి డాక్టర్లకూ నేర్పించొచ్చు. గురువు సమయం కూడా దొరకాలంటే కొనుగోలు ఫైల్లో హెడ్‌సెట్ల సంఖ్య పక్కనే, ఏ సీనియర్ సర్జన్ వారానికి ఎన్ని గంటలు కేటాయిస్తారో కూడా రాయించాలి.