మీటరు చక్రం, హీటరు ఖర్చు

పాత కరెంటు మీటరు అద్దం వెనక తిరిగే అల్యూమినియం చక్రాన్ని చూస్తే హీటరు ఎంత కరెంటు తింటోందో తెలిసిపోతుంది. చక్రం రాకముందు ఈ లెక్క తక్కెడ తేల్చేది. ఎడిసన్ మీటరులో రెండు జింకు పలకలు జింకు సల్ఫేటు ద్రావణంలో ఉండేవి. ఒకదాని జింకు కరిగి రెండోదాని మీద పేరుకునేది. నెలకోసారి పలకలు తూచి బిల్లు వేసేవారు. క్షణక్షణం దిశ మారే ఏసీ కరెంటుకు ఈ పద్ధతి చెల్లలేదు; కరిగిన జింకు వెంటనే వెనక్కి చేరుతుంది.

1888లో వెస్టింగ్‌హౌస్ ఇంజనీరు ఆలివర్ షాలెన్‌బర్గర్, ఆర్క్ దీపంలో జారిపడిన స్ప్రింగు తనంతట తానే తిరగడం గమనించి ఏసీ మీటరు చేశాడు. అది ఆంపియర్లనే లెక్కించేది. మరుసటి ఏడాది బుడాపెస్టులోని గాంజ్ కర్మాగారంలో ఓటో బ్లాతీ వోల్టేజీని కూడా లెక్కలోకి తెచ్చాడు.

చక్రానికి ఒకవైపు ఇంటికి వెళ్లే కరెంటు మోసే లావు తీగ చుట్ట, మరోవైపు వోల్టేజీకి కలిపిన సన్నతీగ చుట్ట ఉంటాయి. రెండో చుట్ట అయస్కాంత క్షేత్రం పావు ఆవృత్తి వెనకబడుతుంది. ఒకటి తగ్గేసరికి మరొకటి పెరుగుతుంటే, క్షేత్రం చక్రం మీదుగా జరుగుతున్నట్టే అవుతుంది. దాంతో అల్యూమినియంలో సుడి ప్రవాహాలు పుట్టి చక్రం తిరుగుతుంది. అంతటితో ఆగితే వేగం పెరుగుతూనే పోతుంది. అందుకే అంచున శాశ్వత అయస్కాంతం పెట్టారు. చక్రం ఎంత వేగంగా తిరిగితే అది అంత గట్టిగా వెనక్కి పట్టుకుంటుంది. తిప్పే బలం, ఆపే బలం సమానమైన చోట వేగం నిలుస్తుంది. కాబట్టి వేగం వాట్లను, మొత్తం చుట్లు యూనిట్లను చెబుతాయి.

యూనిట్‌కు 600 చుట్లని రాసి ఉన్న మీటరులో, మిగతావన్నీ ఆపి 1000 వాట్ల హీటరు వేస్తే 6 సెకన్లకో చుట్టు పడుతుంది. 2000 వాట్లయితే 3 సెకన్లకే. తర్వాత ఎలక్ట్రానిక్ మీటర్లొచ్చాయి. యూనిట్‌కు 3200 సార్లు మినుకుమనే ఎర్ర దీపంతోనూ ఇదే లెక్క.

వోల్టేజీ 230 నుంచి 200కు పడితే హీటరు వాట్లు దాదాపు పావువంతు తగ్గుతాయి. అది పొదుపు కాదు. 20 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 45కు తేవాలంటే నీళ్లలో ముంచే హీటరు రాడ్డుకు ఎంతసేపు పట్టినా సుమారు 0.58 యూనిట్ కాలాల్సిందే.

ఖమ్మం జిల్లా పెనుబల్లిలో రూమ్ హీటరు పని చలికాలపు కొద్ది వారాలకే. రాత్రికి 2 గంటల చొప్పున 1000 వాట్ల హీటరు 30 రోజులు వాడితే 60 యూనిట్లు. అయితే దాని ఖర్చు ఇంటి మిగతా వాడకాన్ని బట్టి మారుతుంది. 2022లో ఖరారైన తెలంగాణ గృహ టారిఫ్‌లో నెలకు 150 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 580 రూపాయలు: మొదటి వందకు 3.40 చొప్పున, మిగతా 50కి 4.80 చొప్పున. హీటరుతో 210 యూనిట్లయితే స్లాబే మారి, మొదటి 200 యూనిట్లకు 5.10, మిగతా 10కి 7.70 పడుతుంది. మొత్తం 1,097. అంటే ఆ 60 యూనిట్ల ధర 4.80 లెక్కన 288 కాదు, 517 రూపాయలు. 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు పొందే ఇంటికైతే, ఆ నెల 1,097 మొత్తం హీటరు ఖాతాలోకే వస్తుంది. ఫిక్స్‌డ్ చార్జీలు అదనం.