పన్ను ఎటు కదులుతోంది?

బాన్సువాడలో ఇల్లు కట్టుకునేవాళ్లు గృహప్రవేశంలోపు నాలుగైదు రకాల కరెంటు రంపాలకు కూలి చెల్లిస్తారు. దర్వాజాల కట్టె సామిల్లులో కోయించాలి. అల్మారాల ప్లైవుడ్‌ను వడ్రంగి ఇంటికే వచ్చి కోస్తాడు. సలాకలు కోసేది ఒకరు, వంటింటి గ్రానైట్ కోసేది మరొకరు. కోత వంకర పోతే మిషన్‌ను తిడతాం. నన్నడిగితే తప్పు చాలాసార్లు పన్నుదే. ఎలాంటి పన్ను, ఎటు కదులుతోంది, ఎంత వేగంగా అన్నది చూస్తే చాలు, ఏ రంపం గుట్టయినా తెలిసిపోతుంది.

రంపం తన దారిలో ఉన్న కట్టెను పొట్టు చేసి బయటికి తోస్తూ ముందుకు పోతుంది. కాబట్టి ఏ కోతకైనా మనం డబ్బు పెట్టి కొన్న కట్టెలో కొంత పొట్టుగా పోవాల్సిందే. ఎంత పోతుందన్నదే లెక్క. సామిల్లులో ఉండే బ్యాండ్ సా ఈ లెక్కలో గెలిచింది. పైన ఒకటి, కింద ఒకటి పెద్ద చక్రాలు; వాటిని చుట్టి కొసలు అతికిన పలుచని ఉక్కు పట్టీ; పట్టీ అంచున పళ్లు. దుంగ తగిలే చోట పట్టీ ఎప్పుడూ కిందికే పరుగెడుతుంది. అందుకే దుంగ ఎగిరిపడకుండా బల్లకు అదిమినట్టు ఉంటుంది. దీని కోత మందం సుమారు 2 మిల్లీమీటర్లు అనుకుందాం, పెద్ద చక్రపు రంపానిది 5. ఒక టేకు దుంగకు పది కోతలు పడితే మొదటిదానితో 20 మిల్లీమీటర్లు పోతాయి, రెండోదానితో 50. తేడా అంగుళానికి పైనే, అంటే నిలువునా ఒక పలక! ఇంత లాభమున్న యంత్రానికి లండన్‌లో విలియం న్యూబెరీ 1808లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ పట్టీ అతుకు దగ్గర తెగిపోతూ ఉండటంతో దశాబ్దాలపాటు అది వాడుకలోకే రాలేదు.

పట్టీ పళ్లను దగ్గరగా చూస్తే ఒకటి కొద్దిగా ఎడమకు, ఒకటి కుడికి వంచి ఉంటాయి. పట్టీ మందం కంటే కోత కాస్త వెడల్పుగా రావాలనే ఈ ఏర్పాటు. లేకపోతే కట్టె పట్టీని బిగించేస్తుంది, రాపిడికి పట్టీ వేడెక్కి సాగుతుంది. పదును పెట్టేటప్పుడు ఒకవైపు వంపు ఎక్కువైతే పట్టీ అటే లాగుతుంది. మీ పలక ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా వచ్చిందంటే అనుమానించాల్సింది దీన్నే. ఇక సామిల్లువాళ్లు భయపడేది చెట్లకు బోర్డులు, ఫ్లెక్సీలు కట్టడానికి మనం కొట్టే మేకులకు. చెట్టు పెరుగుతూ మేకును మింగేస్తుంది. ఏళ్ల తర్వాత ఆ దుంగ మిల్లుకొస్తే ఒక్క మేకుతో వరుసగా పళ్లు పోతాయి. చాలా రకాల కట్టెలోని వగరు ఇనుముతో కలిసి నల్లటి మరక కడుతుంది కనుక, అనుభవమున్నవాళ్లు దుంగ కొసల్లో ముందు ఆ మరక కోసం వెతుకుతారు.

చక్రపు రంపం సంగతి వేరే. బల్లకు బిగించినప్పుడు మన ఎదుట ఉన్న పళ్లు కిందికి దిగుతాయి, వెనక పళ్లు పైకి లేస్తాయి. కట్టె బిగుసుకుని వెనక పళ్లకు చిక్కిందంటే క్షణంలో ఎగిరి మన మీదికే వస్తుంది. అలా బిగుసుకోకుండా రంపం వెనక నిలబెట్టే సన్నని రేకును అడ్డమని తీసి పారేసేవాళ్లే ఎక్కువ. చేత్తో పట్టి నడిపే రంపంలో తిరుగుడు తలకిందులవుతుంది, పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి. పళ్లు బయటికి వచ్చే వైపే పెచ్చులు లేస్తాయి కాబట్టి సన్‌మైకా అంటించిన ప్లైవుడ్‌ను బల్ల రంపం మీద ముఖం పైకి పెట్టి కోయాలి, చేతి రంపంతో అయితే బోర్లించి కోయాలి. ఇంటి యజమాని వడ్రంగికి గుర్తు చేయదగ్గ మాట ఇదొక్కటే అనుకుంటాను. మిగతావి ఆయనకే బాగా తెలుసు.

చెట్లు కొట్టే చైన్ సా పళ్లకు ఒక పురుగు గురువు. 1940ల్లో అమెరికాలోని ఒరెగాన్‌లో జోసెఫ్ కాక్స్ దుంగలను తొలిచే పురుగు పిల్లను గమనించాడు. దాని దవడలు అటూ ఇటూ తిరుగుతూ కట్టెను చెక్కుతున్నాయి. అదే పద్ధతిలో ఎడమ, కుడి పళ్లను మార్చి మార్చి గొలుసుకు అమర్చాడు.

ఇనుము దగ్గరికొస్తే పన్ను కనిపించదు. వెల్డింగు షాపులో సలాకలు కోసే పలుచని బిళ్ల నిండా గట్టి రేణువులే, ఒక్కో రేణువూ ఒక పన్ను. మొద్దుబారినవి రాలిపోతాయి, లోపలివి బయటపడతాయి. అందుకే బిళ్ల అరిగిపోతూ ఉంటుంది. ఎగిరే నిప్పురవ్వలు గాలిలో మండుతున్న ఇనుప రజను. రాయికైతే వజ్రపు రేణువులున్న చక్రం కావాలి. తాండూరు బండ సున్నపురాయి, సులువుగానే లొంగుతుంది. కరీంనగర్ గ్రానైట్‌లో ఉక్కును మించిన గట్టిదనమున్న స్ఫటికం ఉంటుంది. వజ్రం కూడా దాన్ని కోయదు, అరగదీస్తుంది. నీళ్లు పోస్తూ కోయడం చక్రం చల్లబడటానికే కాదు, ఆ స్ఫటికపు ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తేకుండా అణచడానికి కూడా. గడప దాటకుండా, నీళ్లు లేకుండా గది మధ్యలోనే గ్రానైట్ కోయిస్తే అక్కడున్న అందరూ ఆ ధూళి పీల్చినట్టే.

వేగం మాట చెప్పాలి. 110 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 13,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు 75 మీటర్లు పోతుంది, అంటే గంటకు 270 కిలోమీటర్లు. చిన్న గ్రైండర్లూ దాదాపు ఈ జోరు మీదే ఉంటాయి. అలాంటి గ్రైండర్‌కు రేకు తొడుగు ఊడదీసి, కట్టె కోసే పళ్ల చక్రం బిగించడం మన దగ్గర మామూలైపోయింది. రేణువుల బిళ్ల ఇనుమును గీకుతూ పోతుంది. పళ్ల చక్రం మాత్రం కట్టెను కరిచి పట్టుకుంటుంది, పట్టుకున్నదంటే గ్రైండరే చేతిలోంచి ఎగురుతుంది. ఇది చేసే వడ్రంగి ఎంత పనిమంతుడైనా నేను ఒప్పుకోను.

మనిషి ఒంటి మీద నడిపే రంపం కూడా ఒకటుంది. ఎముక విరిగినప్పుడు వేసిన సిమెంటు కట్టును విప్పేది అదే. అమెరికాలో ఎముకల వైద్యుడు హోమర్ స్ట్రైకర్ దాన్ని 1940ల్లో తయారు చేశాడు. దాని చక్రం తిరగదు. ఉన్నచోటే చాలా కొద్ది మేర అటూ ఇటూ వణుకుతుంది. గట్టి కట్టు కదలదు గనుక తెగుతుంది, మెత్తని చర్మం పన్నుతోపాటే ఊగి తప్పించుకుంటుంది. ఆ మోత విని పిల్లలు ఏడుస్తారు గానీ, అక్కడ జాగ్రత్త పడాల్సింది వేడి గురించి. చక్రం వేడెక్కితే చర్మం కాలుతుంది. అందుకే ఒకేచోట అదిమి పట్టకుండా, తీసి తీసి పెడుతూ, మధ్యమధ్య చక్రాన్ని ముట్టుకుని చూస్తూ కోస్తారు.