గబ్బిలానికి చెట్టు, నాచుకు చెమ్మ



మా ఏర్పేడు ఇంటి పెరట్లో తెల్లబూరుగు చెట్టొకటి ఉంది. దాని దూదితోనే ఇంట్లో దిండ్లు కుట్టుకుంటాం. పూత వచ్చిందంటే చాలు, చీకటి పడగానే గబ్బిలాలు దిగుతాయి. "కొట్టించెయ్ మే, గబ్బిలాలు ఇంటికాడ తిరిగితే మంచిది కాదు" అని పోయిన సంవత్సరం పక్కింటి అవ్వ పట్టుబట్టింది. మావారు కూలి మనిషిని కూడా మాట్లాడారు. నేను నాలుగు రోజులు ఆగమన్నాను. ఆ నాలుగు రోజుల్లో చదివి తెలుసుకున్నదే మీకు చెబుతున్నాను.

బూరుగు పువ్వు పొద్దుగుంకాక విచ్చుకుంటుంది. గబ్బిలం తేనె కోసం మూతి పెట్టినప్పుడు పుప్పొడి దాని బొచ్చుకు అంటి, మరో చెట్టు పువ్వుకు చేరుతుంది. ఆ తర్వాతే కాయ, కాయలో దూది. ఇప్పచెట్టుకూ ఈ సాయమే కావాలి. మలేషియాలో దురియన్ పండ్ల చెట్లకు పుప్పొడి మోసేది గుహల్లో ఉండే, పొడవాటి నాలుక గల తేనె గబ్బిలం. తేనె కోసం అది రాత్రిపూట ముప్పై కిలోమీటర్లకు పైగా వెళ్ళగలదట!

దీనికి పూర్తిగా ఎదురు, బావిగట్టు మీద పచ్చటి మఖమల్ గుడ్డ పరిచినట్టుండే నాచు. బట్టలుతికే బండ మీద కాలు జారే పాచి వేరు. నేను చెప్పేది సైన్సు పుస్తకాల్లో మాస్ అనే మొక్క. దానికి పువ్వు లేదు, గింజ లేదు. మగకణం నీటి పొరలో ఈదుతూ పోయి ఆడకణాన్ని కలవాలి. చెమ్మ ఆరితే ఆ కలయిక లేదు. టిబెట్ కొండల్లో టకాకియా అనే నాచు ఉంది. దాని వంశం వయసు 39 కోట్ల ఏళ్ళు. వాతావరణం వేడెక్కి అది ఏటేటా తగ్గిపోతోందని 2023లో శాస్త్రజ్ఞులు తెలిపారు.

నాచు కదలలేదు కనుక ఉన్నచోటు చెడితే దానికి దిక్కు లేదని మనకు సులువుగానే తెలుస్తుంది. గబ్బిలం సంగతి వచ్చేసరికి, "రెక్కలున్నాయిగా, ఎక్కడికైనా పోతుందిలే" అంటాం. పోయినచోట పూచే చెట్టు ఉండొద్దూ? నాచుకు ఒక్కచోటు చాలు. గబ్బిలానికి ఒక చెట్టు పూత అయ్యేసరికి ఇంకో చెట్టు పూయాలి. ప్రతి ఇంట్లోనూ ఒక్కటేగా అని కొట్టేస్తే ఆ వరస తెగిపోతుంది.

తప్పు మన ఒక్కరిదే కాదు. 1972 వన్యప్రాణి చట్టమే పండ్లు తినే గబ్బిలాలను కాకులు, ఎలుకలతో కలిపి హాని చేసే జీవుల జాబితాలో వేసింది. 2022 సవరణతో ఆ జాబితా పోయింది.

ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. గబ్బిలం కొరికిన పండు తినకూడదు, పిల్లలకు పెట్టకూడదు. కింద పడిన గబ్బిలాన్ని చేత్తో ముట్టుకోకూడదు.

మా చెట్టు నిలిచింది. ఈ ఏడు దూదితో మొదటి దిండు అవ్వకే కుట్టిచ్చాను. "మెత్తగా ఉందిమే" అంది. గబ్బిలాల మాట మళ్ళీ ఎత్తలేదు.