ఎరుపు ఎడమ... అమెరికాలో మాత్రం కుడి!

2020 జులై 25. చైనా నుంచి బ్రెజిల్‌కి ఖాళీగా వెళ్తున్న ‘వకాషియో’ అనే 300 మీటర్ల ఓడ మారిషస్ తీరంలో పగడపు దిబ్బ ఎక్కేసింది. ముందు వేసుకున్న ప్లాన్ ప్రకారం అది తీరానికి 22 నాటికల్ మైళ్ల దూరంలో సాగిపోవాలి. రెండు రోజుల ముందు దాన్ని 5 మైళ్లకు తగ్గించారు. ఆ సాయంత్రం ఇంకా దగ్గరగా, 2 మైళ్లలోపు పోదామనుకున్నారు. ఎందుకో తెలుసా? ఫోన్ సిగ్నల్ కోసం!

నవ్వొచ్చే విషయం కాదు. సుమారు వెయ్యి టన్నుల ఇంధనం ఆ నీలి నీళ్లలో కలిసింది. మారిషస్ జనం చెరకు ఆకులు, తల వెంట్రుకలు కుక్కిన సంచులతో నూనెను ఆపడానికి ఒడ్డున నిలబడ్డారు. కొద్ది వారాల్లోనే ఓడ రెండు ముక్కలైంది. నేను వాణిజ్య నౌకల్లో డెక్ ఆఫీసర్‌ని. మా ఓడల మీద ఈ కథ తెలియనివాళ్లు ఉండరు. నెలల తరబడి ఇంటి గొంతు వినకపోతే ఆ సిగ్నల్ రెండు గీతలు ఎంత ముద్దొస్తాయో మాకు తెలుసు కాబట్టి, వాళ్లని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఆ రాత్రి అసలు తప్పు ఫోన్‌ది కాదు, చార్టుది. దగ్గరగా వెళ్లాలనుకున్న చోటుకి తగినంత వివరంగా ఉన్న చార్టు వాళ్ల దగ్గర లేదు. చిన్న స్కేలు చార్టు మీదే దూరం, లోతు చూసుకున్నారు.

చిన్న స్కేలు అంటే ఏంటో ఒక్క లెక్కతో చెప్తాను. 1:10,00,000 స్కేలు చార్టులో ఒక మిల్లీమీటరు అంటే నిజం సముద్రంలో ఒక కిలోమీటరు. పెన్సిల్ గీత అర మిల్లీమీటరు మందం ఉందనుకోండి, మీ గీతే అర కిలోమీటరు వెడల్పు! అదే 1:25,000 హార్బర్ చార్టులో ఒక మిల్లీమీటరు 25 మీటర్లు. బండరాయి ఆ గీతకి ఇటుందా అటుందా అన్నది అక్కడే తేలుతుంది.

జూమ్ చేస్తే సరిపోదా?

కాగితం చార్టు ఎవరు వాడుతున్నారు, ఇప్పుడంతా స్క్రీనే కదా అంటారు. నిజమే. పెద్ద ఓడల్లో ఇప్పుడు ‘ఎక్‌డిస్’ అనే ఎలక్ట్రానిక్ చార్టే రాజు. జీపీఎస్ మన ఓడని చుక్కలా చూపిస్తుంటుంది. కానీ జూమ్ దగ్గరే అసలు ప్రమాదం ఉంది. వాట్సాప్‌లో వచ్చిన మసక ఫొటోని ఎంత లాగినా మొహం స్పష్టంగా రాదు కదా. సర్వే చేసినవాడు కొలవని లోతు జూమ్ చేస్తే పుట్టుకురాదు. దీనికి రెండో వైపు ఇంకా ఘోరం. జూమ్ తగ్గిస్తే, స్క్రీన్ గజిబిజి కాకూడదని సాఫ్ట్‌వేర్ చిన్న చిన్న వివరాలను దాచేస్తుంది. 2014 నవంబర్ 29న వోల్వో ఓషన్ రేస్‌లో ‘టీమ్ వెస్టాస్ విండ్’ పడవకి జరిగింది ఇదే. ప్రపంచంలో మేటి నావికులు, ఖరీదైన పరికరాలు. అదే మారిషస్‌కి చెందిన కార్గడోస్ కరాజోస్ దిబ్బలు దూరం నుంచి చూసిన స్క్రీన్‌లో దిబ్బల్లా కనిపించలేదు. చీకట్లో పూర్తి వేగంతో పోయి గుద్దుకున్నారు. తొమ్మిది మందీ బతికి బయటపడ్డారు, అదే అదృష్టం.

ఇక లోతు. చార్టు మీద నీళ్లలో చీమల్లా అంకెలు చల్లి ఉంటాయి. 7 పక్కన కాస్త కిందకి చిన్న 4 ఉంటే 7.4 మీటర్లు. ఇది ఇప్పుడున్న లోతు కాదు, బాగా ఆటు తగ్గినప్పటి నీటిమట్టం నుంచి కొలిచింది. దానికి ఆ గంటలో ఉన్న పోటు ఎత్తు కలుపుకోవాలి. అంకె కింద గీత కనిపిస్తే మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అది లోతు కాదు, ఆటు సమయంలో ఆ నేల నీళ్లపైకి అంత ఎత్తు తేలుతుందని అర్థం. కూడిక గుర్తు కనిపిస్తే నీళ్ల కింద బండ. చేప ముల్లులా అడ్డగీత మీద మూడు నిలువు గీతలుంటే మునిగిన ఓడ.

అంకె ఎంతో తెలిస్తే చాలదు, ఎప్పుడు కొలిచారో కూడా చూడాలి. 1992 ఆగస్టు 7న ‘క్వీన్ ఎలిజబెత్ 2’ అంతటి రాజసమైన ఓడ అమెరికాలోని మసాచుసెట్స్ తీరంలో అడుగు రాసుకుంది. అక్కడి చార్టు లోతులు 1939 నాటి సర్వేవి. ఇంకో సంగతి కూడా కలిసొచ్చింది. లోతు తక్కువ నీళ్లలో వేగంగా పోతుంటే ఓడ కాస్త కిందకి దిగుతుంది. దీన్ని ‘స్క్వాట్’ అంటారు. వేగం తగ్గిస్తే ఓడ మళ్లీ పైకి లేస్తుంది. అందుకే ఛానల్‌లో మా కెప్టెన్లు నెమ్మదిగా పోతుంటే తొందరపడకూడదు.

నీళ్ల మీద ట్రాఫిక్ సిగ్నళ్లు

సముద్రం నుంచి విశాఖ హార్బర్‌లోకి వస్తున్నారనుకోండి. ఎడమ చేతివైపు ఎర్ర బోయ్‌లు, కుడివైపు ఆకుపచ్చవి. ఎర్రది డబ్బాలా చదునుగా, ఆకుపచ్చది శంఖువులా కూచిగా ఉంటాయి. రంగు తెలియని మసక వెలుతురులో ఆకారం చూసి పోల్చుకోవచ్చు. ఆ రెండు వరసల మధ్యే తవ్విన దారి. హార్బర్ నుంచి బయటికి పోతుంటే ఎరుపు కుడికి వస్తుంది. ఇందులో తికమక లేదు, బోయ్ కదల్లేదు, మీరే తిరిగారు.

తికమక వేరేచోట ఉంది. అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్‌లో ఇది తలకిందులు. లోపలికి వచ్చేటప్పుడు ఎరుపు కుడివైపు! అమెరికాలో ఉన్న మన సాఫ్ట్‌వేర్ అన్నయ్యలు లాంగ్ వీకెండ్‌లో అద్దె బోటు వేసుకుని తీరంలో తిరుగుతుంటారు కదా, వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. అక్కడ ఎర్ర బోయ్‌ల మీద సరి సంఖ్యలు, పచ్చవాటి మీద బేసి సంఖ్యలు ఉంటాయి. లోపలికి వచ్చేకొద్దీ అంకె పెరుగుతుంది. అంకె తగ్గుతోందంటే మీరు సముద్రంలోకి పోతున్నారన్నమాట.

ప్రపంచమంతా ఒకటే పద్ధతి పెట్టొచ్చుగా అని మీకు అనిపించే ఉంటుంది. ఇప్పుడున్న రెండే గొప్ప. ఒకప్పుడు ముప్ఫైకి పైగా పద్ధతులుండేవి. అవి తగ్గడానికి మనుషులు చావాల్సి వచ్చింది. 1971 జనవరి 11న ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య డోవర్ జలసంధిలో ‘టెక్సకో కరీబియన్’ అనే ట్యాంకర్ మునిగింది. మర్నాడే ‘బ్రాండెన్‌బర్గ్’ అనే ఓడ ఆ శకలాన్ని గుద్ది మునిగింది. తర్వాత అక్కడ గుర్తులు పెట్టారు. అయినా ఫిబ్రవరి 27న ‘నికి’ అనే ఓడ వచ్చి అదే చోట గుద్దుకుంది, అందులో ఒక్కరూ మిగల్లేదు. మూడు ఓడల్లో మొత్తం 51 మంది పోయారు. గుర్తులు ఉండి కూడా! చూసినవాడికి అర్థం కాని గుర్తు ఉన్నా లేనట్టే. ఆ దెబ్బతో దేశాలన్నీ కూర్చుని 1980లో ఒక ఒప్పందానికి వచ్చాయి. రెండు ప్రాంతాలు అన్న రాజీ అప్పటిదే.

ఆ ఒప్పందంలో నాకు బాగా నచ్చేవి పసుపు, నలుపు బోయ్‌లు. ఇవి దిక్కులు చెప్తాయి. పైన రెండు నల్ల శంఖువులుంటాయి. రెండూ పైకి చూస్తే ఉత్తరం, అంటే బోయ్‌కి ఉత్తరం వైపు నీళ్లు క్షేమం. రెండూ కిందకి చూస్తే దక్షిణం. ఒకటి పైకి, ఒకటి కిందకి చూస్తూ వజ్రంలా ఉంటే తూర్పు. మొనలు రెండూ ఎదురెదురుగా ఉంటే పడమర. శంఖువు మొన ఎటు చూస్తే బోయ్ మీద నల్లరంగు అటుంటుంది. రాత్రయితే గడియారం గుర్తుంచుకోండి. తూర్పుకి 3 మెరుపులు, దక్షిణానికి 6 మెరుపులు, వెంట ఒక పొడవాటి వెలుగు, పడమరకి 9. ఉత్తరం ఆగకుండా మెరుస్తూనే ఉంటుంది. ఇంత అందమైన లెక్క మా సిలబస్ మొత్తంలో ఇంకోటి లేదు.

ఇంకో కొత్త బోయ్ కథ మీకు నచ్చుతుంది. 2002 డిసెంబర్ 14న పొగమంచులో ‘ట్రైకలర్’ అనే ఓడ ఫ్రాన్స్ తీరంలో ఇంకో ఓడ ఢీకొని మునిగింది. దాని కడుపులో 2,862 కార్లు, బీఎండబ్ల్యూలు, వోల్వోలు, సాబ్‌లు! అన్నీ నీటిపాలు. అంతటితో అయిపోలేదు. రెండు రోజులకే ‘నికోలా’, జనవరి 1న ‘విక్కీ’ వచ్చి దాని మీదకి ఎక్కాయి. మునిగిన ఓడ చార్టులోకి ఎక్కేలోపు ఏం చెయ్యాలన్న ప్రశ్న మళ్లీ వచ్చింది. దాని జవాబే నిలువు చారల నీలం, పసుపు బోయ్. రాత్రి కూడా నీలం ఒకసారి, పసుపు ఒకసారి వెలుగుతుంది. 2010లో దాన్ని అంతర్జాతీయ పద్ధతిలో కలిపేశారు. అది కనిపిస్తే ‘ఇక్కడ ఈమధ్యే ఏదో మునిగింది, దూరంగా పో’ అని అర్థం.

బార అంటే ఆరడుగులు

ఇవన్నీ తెల్లోళ్ల చదువు అనుకోకండి. మన మత్స్యకారులు లోతుని బారల్లో చెప్తారు. రెండు చేతులూ బారజాపితే వచ్చేది ఒక బార. పాత ఇంగ్లిష్ చార్టుల్లోని ‘ఫాథమ్’ పుట్టింది కూడా చాచిన చేతుల నుంచే, ఆరడుగులు. కాకినాడలో మా వీధి చివర ఉండే బోటు పెద్దాయన ఒకరు నేను పరీక్ష పాసై వచ్చినప్పుడు అడిగారు. “అబ్బాయ్, మీ చార్టులో మొగ ఎక్కడుందో చూపిత్తావా?” మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “ఇది పోయినేటిది. మేట ఈయేడు దచ్చినానికి జరిగింది. పోటు మీద రావాలి, అల ఇరిగే చోటు చూసుకుని పక్కనించి రావాలి, ఆయ్.”

ఆయన రాత్రిపూట లోపలికి వచ్చే పద్ధతి విన్నాక ఆశ్చర్యపోయాను. ఒడ్డున తక్కువ ఎత్తులో ఒక లైటు, దాని వెనక ఎత్తులో ఇంకోటి. రెండూ ఒకదానిమీద ఒకటి నిలువుగా వచ్చేదాకా బోటు తిప్పుతారు. పై లైటు ఎడమకి జరిగితే బోటుని కుడికి, కుడికి జరిగితే ఎడమకి. మా పుస్తకంలో దీని పేరు ‘లీడింగ్ లైట్స్’, దానికి ఒక అధ్యాయం ఉంది.

చిక్కేంటంటే ఆయనకి తెలిసింది ఆయన తలలోనే ఉంది. గోదావరి మీదా అంతే. పాపికొండల దారిలో కచ్చులూరు మందం దగ్గర సుడులు ఎలా ఉంటాయో పాత సరంగులకి ఎప్పటి నుంచో తెలుసు. 2019 సెప్టెంబర్ 15న నదిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారుతుండగా ‘రాయల్ వశిష్ఠ’ పర్యాటక బోటు సరిగ్గా అక్కడే మునిగింది. పదుల సంఖ్యలో జనం పోయారు. కాకినాడ ధర్మాడి సత్యం బృందం తాళ్లు, లంగర్లతో వెతికి 38వ రోజున దాన్ని బయటికి తీసింది.

సముద్రానికి మాత్రం మన దగ్గర మంచి చార్టులున్నాయి. డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్ వాటిని తయారుచేస్తుంది. సముద్రం లేని ఊళ్లో సముద్రపు మ్యాపులు! మేట కదిలినా, బోయ్ తెగిపోయినా, కొత్త లైటు పెట్టినా ‘నోటీస్ టు మెరైనర్స్’ వస్తుంది, దాని ప్రకారం చార్టు దిద్దుకోవాలి. తుపాను తర్వాత ఇది మరీ ముఖ్యం. గొలుసు తెగిన బోయ్ కొట్టుకుపోయి ఇంకోచోట బుద్ధిగా మెరుస్తూనే ఉంటుంది. అందుకే మేము బోయ్‌ని ఒక్కదాన్నే నమ్మం. చార్టు, రాడార్, లోతు చూపించే ఎకో సౌండర్, కిటికీలోంచి కళ్లు, నాలుగూ ఒకే మాట చెప్తేనే ముందుకి.

ఈసారి వైజాగ్ వెళ్తే సాయంత్రం ఆరున్నర తర్వాత బీచ్ రోడ్డు మీద కాసేపు ఆగండి. డాల్ఫిన్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలుగుతుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి ఎన్ని సెకన్లకి ఎన్నిసార్లు మెరుస్తోందో లెక్కపెట్టండి. ఏ లైట్‌హౌస్ లెక్క దానిదే. దాన్ని చార్టు మీద ఆ లైటు పక్కన రాసి ఉంటారు. పక్క తీరంలోని లైటుతో కలవకుండా ఉండేలా ఆ లెక్క ఇస్తారు. బయట లంగరేసిన ఓడ మీద మాలాంటివాడు ఎవడో ఒకడు అదే సమయానికి అదే లెక్క పెడుతుంటాడు.