గురి తప్పని తుపాకి

తుపాకిని చేతబట్టిన ప్రతివాడును మొదట అడుగునది ఒక్కటే: "దీని గురి ఎట్టిది?" ప్రశ్న చిన్నది, సమాధానము మాత్రము అంత సులభము కాదు. రెండవ ప్రపంచయుద్ధమున మూడు దేశములు వాడిన అర్ధస్వయంచాలక రైఫిళ్ల కథ ఈ విషయమును చక్కగా తెలుపును.

పాత రైఫిలులో ఒక గుండు పేలిన వెంటనే సైనికుడు చేతితో బోల్టు లాగి మరియొక తూటాను ఎక్కింపవలసియుండెను. అర్ధస్వయంచాలక రైఫిలులో ఆ పనిని మందు పేలినపుడు పుట్టు వాయువే చేయును. గొట్టమునకు గల చిన్న రంధ్రము గుండా వచ్చిన వాయువు పిస్టనును నెట్టగా, బోల్టు దానంతటదియే వెనుకకు పోయి మరల ముందునకు వచ్చును. మీట నొక్కినపుడెల్ల ఒక్క గుండే పేలును గాని, సైనికుని చూపు లక్ష్యమును విడువదు. ఇది లాభము. నష్టమును గలదు. కదలెడు భాగములు పెరిగినకొలది గొట్టము అదరును. ఆ అదురు ప్రతిసారి ఒకే తీరున లేనిచో గుండ్లు ఒకచోట పడవు.

అమెరికా సైన్యము 1936లో స్వీకరించిన రైఫిలును రూపొందించినవాడు కెనడాలో జన్మించిన జాన్ గారండ్. దాని బరువు సుమారు 4.3 కిలోగ్రాములు. మోయుటకు కష్టమే గాని, ఆ బరువే భుజమునకు తగులు దెబ్బను తగ్గించును. గాడి గురిలో కన్ను గాడిని, ముందు మొనను, లక్ష్యమును కలుపవలెను. గారండ్ రైఫిలునకు గాడికి బదులు చిన్న రంధ్రము గలదు. దానిగుండా చూచినపుడు కన్ను తనంత తానే నడుమకు చేరును. ఎనిమిది తూటాలను పట్టియుంచు క్లిప్పు చివరి గుండు పేలగనే ఖంగుమని ఎగిరిపడును. క్రొత్త క్లిప్పును ఎక్కించుచు బొటనవ్రేలు నలుగగొట్టుకొన్నవారు పెక్కుమంది.

రష్యాలో తోకరెవ్ రూపొందించిన 1940 నాటి రైఫిలు దానికంటె తేలిక. పది తూటాలు పట్టును. వాయువును హెచ్చించుటకు, తగ్గించుటకు అందులో ఒక ఏర్పాటు గలదు. దుర్బిణి బిగించి దీనిని స్నైపర్లకు ఇచ్చి చూచిరి. గుండ్లు నిలువుగా చెదరుచుండుటచే 1942లో వారికొరకు మరల పాత మోసిన్ రైఫిలునే చేపట్టిరి. త్వరత్వరగా శిక్షణ ముగించుకొని వచ్చిన నూతన సైనికులకు దీనిని శుభ్రపరచుట కష్టమై, అవసరమైనవేళ మొరాయించెడిది. యుద్ధభూమిలో ఆ ఆలస్యపు వెల ప్రాణమే.

అయినను, చేజిక్కిన అదే రైఫిలును జర్మనులు మెచ్చి వాడుకొనిరి. గొట్టపు చివర వాయువును పట్టు వారి 1941 నాటి రైఫిలు మొనబరువుతోను, మసితోను బాధించెను. అందుచేత 1943 నాటి రైఫిలులో తోకరెవ్ వాయుపద్ధతిని అనుసరించిరి. ఒకచోట నిందకు గురియైన యంత్రమే మరియొకచోట మార్గదర్శి అయ్యెను.

మన దేశమునకును ఈ కథతో సంబంధము గలదు. 1962లో చైనాతో జరిగిన యుద్ధమున మన సైనికులలో పెక్కుమంది చేతనుండినవి బోల్టు లాగెడి .303 రైఫిళ్లే. తరువాతనే ఇషాపూర్‌లో తయారైన సెల్ఫ్ లోడింగ్ రైఫిలు సైన్యమంతటను వ్యాపించెను.

నేటికిని అమెరికాలో గారండ్ రైఫిళ్లను సొంతముగా ఉంచుకొని, ఆయన పేర జరుగు పోటీలలో 200 గజముల దూరమున గురి చూచువారు కలరు. వారి అనుభవము గమనింపదగినది. ఉక్కు భాగము చెక్కలో కదలక కూర్చున్నంతకాలము గుండ్లు దగ్గర దగ్గరగా పడును. శుభ్రపరచు ఉత్సాహముతో మాటిమాటికి విప్పి బిగించినచో చెక్క వదులై గురి చెదరును. అసలే శుభ్రపరచకున్నచో యంత్రము నిలిచిపోవును. ఎప్పుడు విప్పవలెనో, ఎప్పుడు విప్పరాదో ఎరిగినవానికే ఆ రైఫిలు లొంగును.

కావున రైఫిలు గుణమును కాగితముపై పడిన రంధ్రములను కొలిచి మాత్రమే నిర్ణయింపరాదు. బురదలో, చలిలో, అలసిన చేతులలో అది ఎట్లు పనిచేయునో చూడవలెను. ఆ చేతులకు శిక్షణ నిచ్చుటకు ఎంత కాలము వెచ్చించిరో కూడ చూడవలెను.