జపాను దేశమును, క్రైస్తవ బోధకులును: పిల్లలకెట్లు చెప్పవలెను?



జపాను దేశమున క్రైస్తవమతము ప్రవేశించిన కథను మనుమలకు చెప్పదలచిన పెద్దలకు ఒక మాట మనవి చేయుచున్నాను. మొదట ఆ ప్రజల నడవడిని చెప్పి, పిమ్మటనే మతబోధకుల రాకను చెప్పవలెను. ఈ వరుస తప్పినచో ఆ దేశమువారు ఏమియు నెరుగనివారని పిల్లలకు తోచును.

జపానువారును మనవలెనే వరియన్నము తినువారు. అయితే రెండు పుల్లలతో తిందురు. పాదరక్షలు గుమ్మమువద్ద విడిచి లోనికేగుదురు. ఒకరినొకరు కలిసికొన్నపుడు నడుము వంచి వందనము చేయుదురు. మన భరతఖండమున బుట్టిన బౌద్ధధర్మము చీనా, కొరియా దేశముల మీదుగా క్రీ. శ. 6వ శతాబ్దమున వారికి చేరినది. మన యవలోకితేశ్వరుడే అచ్చట 'కన్నోన్' అను పేర, తరచుగా స్త్రీరూపమున, పూజలందుచున్నాడు.

ఇట్టి దేశమున, కాగోషిమా రేవులో, 1549 ఆగష్టు 15వ తేదీన ఫ్రాన్సిస్ జేవియర్ అను పాదిరి దిగెను. ఇతడు గోవాలో నుండి పనిచేసినవాడు. ఆ భాష బాగుగా తెలియమిచే దేవునికి మొదట 'దైనిచి' యను పదము వాడెను. అది మహావైరోచన బుద్ధుని పేరు! వినినవారు ఇదియు బౌద్ధమున నొక శాఖ యనుకొనిరి. సంగతి తెలిసిన పిమ్మట అతడా పదము విడిచి, లాటిను మాటయగు 'దేయుస్' నే గ్రహించెను. 1579లో వచ్చిన వలిగ్నానో యను పాదిరి, బోధకులు జపాను భాష నేర్చి, ఆ దేశమర్యాదలనే పాటింపవలెనని కట్టడి చేసెను.

కథలోని కఠినభాగమును దాచరాదు. క్రైస్తవుడైన ఒమురా సుమితాద యను ప్రభువు తన సీమలోని దేవాలయములను పడగొట్టించెను. పరరాజుల పలుకుబడి పెరుగునను శంకచే పాలకులు బోధకులపై కినిసిరి. 1597లో నాగసాకియందు 26 మందిని సిలువవేయించిరి. 1614లో ఆ మతమునే నిషేధించిరి. యేసు, మరియమ్మల ప్రతిమలుగల పలకలను ప్రజలచే త్రొక్కించి, వెనుదీసినవారిని క్రైస్తవులని పట్టుకొనుచుండిరి.

అయినను మతము నశింపలేదు. గురువులు లేకున్నను, గ్రామములలోని పెద్దలు ప్రార్థనలను నోటిమాటగా బిడ్డలకు నేర్పిరి. కన్నోన్ ప్రతిమవంటి రూపములలో మరియమ్మను కొలిచిరి. 1865 మార్చి 17వ తేదీన నాగసాకిలోని ఔరా దేవాలయమునకు ఉరకామి గ్రామస్థులు కొందరు వచ్చి, తమ విశ్వాసమును ఫ్రెంచి పాదిరియగు పెతిజానుకు వెల్లడించిరి. రెండువందల యేండ్లకు పైగా దాగిన రహస్యమది! నిషేధమింకను తొలగనందున ఉరకామివారిని మూడువేలకు పైగా ఇతర సీమలకు వెడలగొట్టిరి. 1873లో గాని నిషేధపు పలకలను తీసివేయలేదు. ఆ గుప్తక్రైస్తవుల స్థలములు 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినవి.

కథ ముగించి, ఎవరు గెలిచిరని పిల్లలనడుగకుడు. మన భాష యెరుగని యతిథి మన యింటికి వచ్చి బోధింపదలచినచో, మొదట నతడేమి నేర్వవలెనని యడుగుడు. బలవంతముగా గుడి పడగొట్టించుటయు, బలవంతముగా ప్రతిమను త్రొక్కించుటయు నొక్కటే తప్పని వారే గ్రహింతురు. పరమతమును హేళన సేయని మనస్సు చిన్ననాడే కుదురవలెను. అది పుస్తకముకంటె పెద్దల నోటిమాటవలననే బాగుగా కుదురును. ఉరకామి పెద్దలే యందులకు సాక్షి.